చావీ మామ, మా వాడ నీళ్ళు

చావీ మామ పోయాడని మొన్న పొద్దున వదిన ఫోన్ చేసి చెప్పింది. "ఎనభై దాటినయ్ గద, మంచాన పడకుండనే పోయిండు" అంది. ఆ వెంటనే, "ఇయ్యాల మనకు నల్లా దినం. నీళ్ళు పట్టి పోత" అని పెట్టేసింది. వినేవాళ్ళకు మోటుగా అనిపించొచ్చు గానీ, సోలాపూర్‌లో పుట్టి పెరిగినవాళ్ళకు ఇందులో తప్పేమీ కనబడదు. పెళ్ళయినా, పదకొండో దినమైనా మా దగ్గర ముందు నల్లా దినం, అంటే కుళాయికి నీళ్ళొచ్చే రోజు, చూసుకుంటారు. చావీ మామ లేచి కూర్చుంటే ఆయనా అదే అనేవాడు: "పొండ్రి, ముందు నీళ్ళు పట్టుకోండ్రి. నేనేడికి పోత?"

ఆయన అసలు పేరు మా పిల్లలెవరికీ తెలియదు. ఊరికి నీళ్ళు వదిలే వాల్వులు తిప్పే ఉద్యోగం. ఆ పని చేసేవాళ్ళని మా ఊళ్ళో చావీవాలా అంటారు. మా వాడలోనే ఉండేవాడు, మా నాన్న, బాపు, ఆయన్ని బావా అని పిలిచేవాడు, అలా మాకు మామ అయ్యాడు. మనిషెత్తు ఇనప కడ్డీ, పైన పట్టుకోడానికి అడ్డ పిడి, కింద చదరపు మూతి. అదీ చావీ. దాన్ని సైకిల్‌కి తాడుతో కట్టుకుని వచ్చేవాడు. గుంతల రోడ్డులో అది మడ్‌గార్డుకి కొట్టుకుని ఖణఖణమనేది. రాత్రి ఒంటిగంటకో రెండింటికో ఆ చప్పుడు వినబడిందంటే వాడంతా లేచి కూర్చునేది. రోడ్డు మీద మూత తీసి, చావీ లోపలికి దించి, రెండు చేతులా తిప్పుతుంటే కీచుమని శబ్దం. తర్వాత కాసేపు ఏమీ ఉండదు. ఆ పైన ఇంటింటి ముందూ నల్లాలు ఒకదాని వెనక ఒకటి బుసకొట్టేవి. పైపుల్లో చిక్కుకున్న గాలి అది. గాలి పోయాక ఎర్రనీళ్ళు, ఆ తర్వాత అసలు నీళ్ళు.

ఆ గాలికే మీటరు గిరగిర తిరుగుతుందని, చుక్క రాకముందే బిల్లు మొదలవుతుందని తర్వాతి రోజుల్లో జనం గోల చేసేవాళ్ళు. వాళ్ళ మాట నిజమే. ఖాళీ అవుతూ నిండుతూ ఉండే పైపు మీద మీటరు పెడితే అది సరైన లెక్క చూపదు.

* * *

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. సోలాపూర్ మహారాష్ట్రలో, కర్ణాటక సరిహద్దున ఉంది. కానీ ఊరి తూర్పు భాగమంతా తెలుగే. అశోక్ చౌక్, కన్నా చౌక్, సాఖర్ పేట్, భవానీ పేట్, దత్తనగర్, ఎటు పోయినా పద్మశాలీలే. దుకాణం బోర్డు మరాఠీలో ఉంటుంది, గల్లాపెట్టె దగ్గర మాట తెలుగులో ఉంటుంది. తాతల కాలంలో కరీంనగర్, నల్లగొండ వైపుల నుంచి మగ్గం పనికి వచ్చి ఇక్కడే నిలిచిపోయినవాళ్ళం. మగవాళ్ళు చాదర్లు, టవళ్ళు నేసేవాళ్ళు. ఆడవాళ్ళు బీడీలు చుట్టేవాళ్ళు. రెండు పనులకూ నీళ్ళు కావాలి. ఆ ఊళ్ళో లేనిది అదే.

నది ఊళ్ళోంచి పారదు. వాన తక్కువ, వచ్చినా అన్ని నెలలకంటే ఎక్కువ సెప్టెంబరులోనే వస్తుంది. మృగశిరకు వాన పడుతుందని తెలంగాణ చుట్టాలు అంటుంటే మా నాయనమ్మ నవ్వేది.

* * *

నీళ్ళు వచ్చాక ఎవరి పని ఏమిటో ముందే పంపకం అయిపోయి ఉండేది. మొదటి ఎర్రనీళ్ళు సండాసుకీ, మోరీ (మురుగుకాలువ) కడగడానికీ. అది నా డ్యూటీ. కాస్త తేటబడ్డాక రెండు బకెట్లు అమ్మకి, ఆకు తడపడానికి. తర్వాత బాపు పాత ధోతీని నాలుగు మడతలు వేసి బిందె మూతికి కట్టి, తాగే నీళ్ళు పట్టేవాడు. చివర్న హౌదులోకి, అంటే నీళ్ళ తొట్టిలోకి, పైపు. ప్రతి ఇంట్లో ఒక సిమెంటు హౌదు ఉండేది, నడుమెత్తున. ఇల్లు కట్టేటప్పుడు దేవుడి గది మరిచినా హౌదు మరిచేవాళ్ళు కారు.

ఆకు తడపడం గురించి చెప్పాలి. బీడీ కంపెనీ బ్రాంచి నుంచి తెచ్చిన తునికాకు కట్టలు ఎండి పెళపెళలాడుతుంటాయి. అలాగే కత్తెర పెడితే ముక్కలవుతాయి. కట్టని నీళ్ళలో ముంచి, ఎత్తి, బాగా విదిలించి, తడి గోనెలో చుట్టి పెట్టాలి. తెల్లారేసరికి ఆకు ఎటు వంచితే అటు వంగుతుంది. నీళ్ళు ఎక్కువైతే మచ్చలు పడతాయి, బ్రాంచిలో ఆ బీడీలు తీసి పక్కన పడేస్తారు. తక్కువైతే చుట్టేటప్పుడు పగులుతుంది. అమ్మ గోనె మీద అరచెయ్యి పెట్టి చూసి, ఇంకో గుప్పెడు నీళ్ళు చల్లాలా వద్దా అని చెప్పేది. ఆకు తడవకపోతే రోజుకు వెయ్యి బీడీలు కావు. నల్లా ఒక రోజు తప్పిందంటే ఆ వారం కూలి తగ్గినట్టే. అందుకే చావీ మామ రావడం ఆలస్యమైతే అమ్మకి వచ్చే టెన్షన్ నీళ్ళ గురించి మాత్రమే కాదు.

ఇంకో సంగతి ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కొత్త నీళ్ళు రాగానే, అంతవరకూ కాపాడుకున్న పాత నీళ్ళు "పాచి నీళ్ళు" అయిపోయేవి. అప్పటిదాకా చెంబుతో కొలుచుకుని వాడినవాళ్ళమే హౌదులో మిగిలినదంతా మోరీలోకి వదిలేసేవాళ్ళం. వాడంతా అంతే. నల్లా ఎంత అరుదైతే ఈ పారబోత అంత ఎక్కువ. మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు ఉన్న గిన్నెలన్నీ కొత్త నీళ్ళతో నిండాలి కదా! ఇలా వంతుల వారీగా నీళ్ళిస్తే ఆదా అవుతుందని అనుకునే ఇంజనీర్లు ఒక్క నల్లా దినం మా వాడలో నిలబడి మోరీ చూస్తే చాలు.

* * *

మా చిన్నప్పుడు నల్లా ఒక్కటే దిక్కు కాదు. వాడ మధ్యలో చేదబావి ఉండేది, రాతి వరసలతో కట్టింది, రెండు గిరకలు. దాని నీళ్ళు కాస్త ఉప్పన. పప్పు ఉడకదు, కానీ స్నానాలకు, బట్టలకు, గిన్నెలకు అవే. పొద్దున్నే గిరకల కిర్రు, అవతల పవర్‌లూముల టకటక, వాటి మీదుగా మిల్లు భోంగా (సైరన్). ఈ మూడూ కలిస్తేనే మాకు తెల్లారినట్టు. మిల్లులు మూతబడ్డాక భోంగా పోయింది. గిరకలు ఎప్పుడు ఆగాయో ఎవరూ గమనించలేదు.

ఎండాకాలం చివర, నీళ్ళు అడుగంటినప్పుడు బావి పూడిక తీసేవాళ్ళు. ఇంటికి ఒక మనిషి, లేకపోతే ఇంత డబ్బు. చావీ మామ నడుముకి తాడు కట్టుకుని దిగేవాడు. తట్టల్లో నల్లటి బురద పైకి వస్తుంటే మేము చుట్టూ చేరేవాళ్ళం, ఏం దొరుకుతాయోనని. చెంబులు, తెగిపడ్డ బొక్కెనలు, బీడీ కత్తెరలు దొరికేవి. ఒకసారి చంటిపిల్ల వెండి పట్టీ ఒకటి దొరికితే అది మాదంటే మాదని మూడు ఇళ్ళవాళ్ళు సాయంత్రం దాకా కొట్లాడుకున్నారు. చివరికి రెండో పట్టీ చూపించినవాళ్ళకి ఇచ్చారు.

చావీ మామ పని బావి పూడిక ఒక్కటే అనుకుంటే పొరపాటు. బావికీ నల్లాకీ లెక్క కలిపే మనిషి ఆయనే. గిరక పక్క రాయి మీద బొగ్గుతో గీతలు గీసేవాడు. నీటిమట్టం ఎన్ని మూరలు దిగిందో చూసి, బావి బాగా దిగితే మా వాడ వాల్వు పది నిమిషాలు ఎక్కువసేపు తెరిచి ఉంచేవాడు. సెప్టెంబరు వానలకు బావి పొంగితే ఆ పది నిమిషాలు వెనక వాడకి పోయేవి, అక్కడ బావి లేదు. పల్లపు వాడకి వాల్వు సగమే తిప్పేవాడు, లేకపోతే మిట్ట మీది ఇళ్ళకి బుస తప్ప చుక్క రాదు. పెళ్ళి పందిరి వేసిన ఇంటికి కొంచెం ఎక్కువ. చావు ఇంటికి అడగకుండానే. ఇదంతా ఏ కాగితం మీదా లేదు. నేల ఎత్తుపల్లాలు, ఊరి బంధుత్వాలు, భూమిలో నీళ్ళు, అన్నీ ఆయన తలలో ఉండేవి.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యను. చుట్టాల వాడకి ఎక్కువ వదులుతాడని ఆడవాళ్ళు మొహం మీదే తిట్టేవాళ్ళు. ఆయనకి జ్వరం వస్తే బదులు వచ్చిన కుర్రవాడు అన్ని వాల్వులూ ఒకేలా తిప్పి పోయేవాడు, మిట్ట వాడ ఎండిపోయేది. ఒక్క మనిషి జ్ఞాపకం మీద నడిచే ఏర్పాటు మంచిదని నేనెలా అంటాను? కానీ ఆ జ్ఞాపకాన్ని ఎవరూ రాసిపెట్టుకోలేదు. ఆయన రిటైరైన రోజు దండ వేశారు, సైకిల్ ఇంటికి పంపించారు, చావీ తీసుకున్నారు.

* * *

నాయనమ్మ దగ్గర నీళ్ళ కథలన్నీ 1972 కరువుతో మొదలయ్యేవి. పల్లెల నుంచి వచ్చిన చుట్టాలు కంకర కొట్టే పనులకు పోయారని, రేషన్లో ఎర్రజొన్న ఇచ్చారని, ఆ రొట్టె గొంతు దిగేది కాదని చెప్పేది. ఆ కరువు పనుల నుంచే మహారాష్ట్రలో రోజగార్ హమీ పథకం పుట్టింది. 2005లో దేశమంతటికీ వచ్చిన ఉపాధి హామీ చట్టానికి దారి చూపింది అదే. నాయనమ్మకు చట్టం సంగతి తెలియదు, ఎర్రజొన్న రుచి మాత్రం చివరిదాకా గుర్తుంది.

అప్పటికి భీమా నది మీది ఉజనీ ఆనకట్ట ఇంకా పూర్తి కాలేదు. తుల్జాపూర్ రోడ్డు వైపు హిప్పర్గా చెరువు ఉంది. కాగితాల్లో ఏకరుఖ్ తలావ్. 1871లో ఇంగ్లీషువాళ్ళు ఆదిలా నది మీద కట్టించింది. భవానీ పేట్ నీళ్ళ కేంద్రానికి ఆ చెరువు నీళ్ళే. అంతకు ముందు, 12వ శతాబ్దంలో సిద్ధరామేశ్వరుడు తవ్వించాడని చెప్పే చెరువు కోట పక్కనే ఉంది. సంక్రాంతి గడ్డా జాతరకు మేమంతా ఆ గట్టునే తిరిగేవాళ్ళం. చెరువు తవ్వినవాణ్ణి ఊరి దేవుడుగా కొలిచే ఊరు మాది. చెరువుల్ని చూసుకున్న తీరు మాత్రం వేరు. సంభాజీ తలావ్‌కి కమలాల చెరువని పేరు. నేను కాలేజీకి వచ్చేసరికి అందులో కమలాల కంటే గుర్రపుడెక్క ఎక్కువగా కనబడేది.

1980లో ఉజనీ ఆనకట్ట పూర్తయింది. మొత్తం 117 టీఎంసీలు. అందులో సగానికి మించి అడుగు నిల్వ, మామూలుగా కాలువలకు అందనిది. అందుకే ఎండాకాలం మా పేపర్లలో ఉజనీ మట్టం మైనస్‌లో రాస్తారు. "ఇయ్యాల ఉజనీ మైనస్ ఇరవై" అంటే బయటివాళ్ళు తెల్లబోతారు. మా పిల్లలకు లెక్కల్లో రుణసంఖ్యలు విడిగా నేర్పక్కర్లేదు.

ఉజనీ నుంచి ఊరికి పైపులైను తర్వాత వచ్చింది, వంద కిలోమీటర్లకు పైనే. అది చాలక భీమా నదిలోకి కూడా నీళ్ళు వదులుతారు. అవి పండరిపురం మీదుగా వచ్చి ఔజ్ బంధారా (నదికి కట్టిన చిన్న అడ్డుకట్ట) నింపితే టాక్లీ దగ్గర మోటర్లతో ఎత్తాలి. ఎండిన ఇసుక తాగేది కొంత, ఎండ తాగేది కొంత, దారి పొడుగునా చెరుకు మోటర్లు లాగేది కొంత. నీళ్ళు వదిలినప్పుడు ఒడ్డు మోటర్లకు కరెంటు తీసేస్తారు, అయినా ఊరికి అక్కరయ్యే దానికి ఎన్నో రెట్లు వదిలితే గానీ బంధారా నిండదు. జిల్లాలో చక్కెర ఫ్యాక్టరీలు ముప్పైకి పైనే. మాల్దండి జొన్న పండే నేలలో చెరుకు ఎందుకని అడిగితే బాపు ఒక్కటే అనేవాడు: "జొన్నకు ఎమ్మెల్యే లేడు గద."

* * *

ఉద్యోగం మొదట్లో కొన్నాళ్ళు ఒక రంగు కార్ఖానాలో లెక్కలు రాశాను. నూలు రంగు వెయ్యడం అంటే సగం పని కడగడమే. ముంచడం, పిండడం, నీళ్ళు తేటగా దిగేదాకా మళ్ళీ మళ్ళీ జాడించడం. మోరీ రంగు చూసి ఏ సేఠ్‌కి ఏ చాదర్ ఆర్డర్ వచ్చిందో వాడ పిల్లలు చెప్పేవాళ్ళు. టాంకర్ వస్తే మా సేఠ్ ముందు గ్లాసులో నీళ్ళు పట్టి సబ్బు ముక్క వేసి ఊపేవాడు. నురగ రాలేదంటే ఉప్పు నీళ్ళు, రంగు అంటక మచ్చలు పడుతుంది, టాంకర్ వాపసు. అదే ల్యాబొరేటరీ. ఒక వేసవిలో నా లెక్కల పుస్తకంలో రంగుల ఖర్చుని టాంకర్ల ఖర్చు దాటేసింది. సేఠ్ పుస్తకం మూసి, "మనం చాదర్లు అమ్ముతున్నమా, నీళ్ళా?" అన్నాడు.

ఆ రోజుల్లోనే నల్లా రోజు విడిచి రోజుకు, తర్వాత మూడు రోజులకు, ఆ తర్వాత నాలుగైదు రోజులకు వెళ్ళింది. హౌదు మీద డ్రమ్ము, డ్రమ్ము మీద సింటెక్స్ ట్యాంకు వచ్చాయి. నల్లాకి నేరుగా మోటరు బిగించడం మొదలైంది. ఒకరు మోటరు పెడితే పక్కవాళ్ళ నల్లా గాలి పీలుస్తుంది, కాబట్టి పక్కవాళ్ళూ పెట్టాలి. పైపులో నీళ్ళు లేని వేళ ఈ పీల్పుకి కీళ్ళ దగ్గర మోరీ నీళ్ళు కూడా లోపలికి వస్తాయి. వానాకాలం వాంతులు, విరేచనాలు ఎక్కడి నుంచి వచ్చేవో అప్పుడు తెలిసింది. నిలవ నీళ్ళలో దోమలు సరేసరి. ఆరోగ్య శాఖ వాళ్ళు టార్చి పట్టుకుని ఇంటింటికీ వచ్చి డ్రమ్ముల్లో పురుగులు వెతికేవాళ్ళు.

* * *

గుల్బర్గాలో మా మేనత్త కూతురు ఉంటుంది. కర్ణాటకలో హుబ్బళ్ళి-ధార్వాడ, బెళగావి, గుల్బర్గాల్లో కొన్ని వాడలకు 2008 ప్రాంతంలో ఇరవైనాలుగు గంటల నీళ్ళు ఇచ్చి చూశారు. వాళ్ళ ఇల్లు అదృష్టం కొద్దీ అందులో పడింది. నాయనమ్మని తీసుకుని పోయాను. ఆవిడ పొద్దున నల్లా తిప్పింది, వచ్చాయి. మధ్యాహ్నం తిప్పింది, వచ్చాయి. రాత్రి అందరూ పడుకున్నాక లేచి మళ్ళీ తిప్పింది. తెల్లారి చూస్తే వంటింట్లో బిందెలు, గిన్నెలు, ఆఖరికి టీ కెటిల్ కూడా నిండి ఉన్నాయి. "అమ్మమ్మా, ఇక్కడ పట్టి పెట్టక్కర్లేదు" అని మా మరదలు ఎంత చెప్పినా, "ఎవడు చూసిండు" అంది.

అక్కడివాళ్ళు కొత్త నీళ్ళు ఎక్కడి నుంచో తెచ్చింది లేదు. పాత పైపులు తీసి కొత్తవి వేశారు, మీటర్లు పెట్టారు, లీకులు పట్టుకున్నారు. పైపు ఎప్పుడూ నిండి ఉంటే లీకు దాక్కోలేదు. పారబోసే పాచి నీళ్ళు ఉండవు. ఇటు సతారా జిల్లా మల్కాపూర్ లాంటి చిన్న ఊరూ అది చేసి చూపించింది. నాయనమ్మ మాత్రం తిరుగు రైలెక్కేదాకా నమ్మలేదు.

* * *

2016లో లాతూర్ వంతు వచ్చింది. మా చిన్నమ్మ ఉండేది అక్కడే. మంజీర మీద ధనేగావ్ ఆనకట్ట ఎండిపోయింది. ఆ మంజీరే కిందికి పారి సింగూరు, నిజాంసాగర్ నింపాలి. మార్చిలో నీళ్ళ ట్యాంకుల దగ్గర గుమిగూడకుండా 144 సెక్షన్ పెట్టారు. ఏప్రిల్‌లో మిరజ్ నుంచి నీళ్ళ రైలు, మొదటిసారి పది వ్యాగన్లు, 5 లక్షల లీటర్లు. తర్వాత యాభై వ్యాగన్లు చేశారు. ఆ రైలు పోయేది మా జిల్లా మీదుగానే, పండరిపురం, కుర్డువాడి, బార్షీ దాటి. కుర్డువాడిలో పనిచేసే మా బామ్మర్ది స్టేషన్‌లో జనం రైలుకి దండం పెట్టడం చూశాడట. చావీ మామకి ఆ సంగతి చెబితే దండం గురించి ఏమీ అనలేదు. "వ్యాగన్ కింద వాల్వుకి చావీ ఎంత సైజు?" అని అడిగాడు.

* * *

కిందటి మార్కండేయ రథోత్సవానికి, రాఖీ పున్నమికి, ఊరు పోయాను. రథం పోయాక మా ఇంటి అరుగు మీద నలుగురు చేరారు. ఉజనీ నుంచి రెండో పైపులైను గురించి మాట. అది కావాల్సిందే, నేనూ కాదనను. కానీ అన్ని కిలోమీటర్ల నుంచి పంపు చేసి తెచ్చిన నీళ్ళతోనే మోరీ కడుగుతాం, రంగు జాడిస్తాం అంటే ఎన్ని పైపులు వేసినా చాలవు. మా చేదబావి మీద ఇప్పుడు ఇనప జాలీ. గణపతులు, పూలదండలు, ప్లాస్టిక్ పడీ పడీ పూడింది. దాని పక్కనే వేసిన బోరు నల్లరాతిలోకి ఎంతో లోతు పోయింది, వేసవి రాగానే గాలి కొడుతుంది. మా నేల అంతే. నీళ్ళు ఉండేది పై మురుములో, రాతి పగుళ్ళలో. అవి వానకు నిండుతాయి, వాడితే దిగుతాయి. వాటిని పట్టుకోడానికి వెడల్పు బావే సరైనది.

వచ్చే ఎండల్లో పూడిక తీయిద్దామని మా అన్న అన్నాడు. చావీ మామ కర్ర పట్టుకుని కూర్చుని ఉన్నాడు. అడుగు రాయి ఎన్ని మూరల్లో ఉందో, ఊట ఏ పక్క నుంచి వస్తుందో చెప్పాడు. మా అన్న కొడుకు అదంతా ఫోన్‌లో రాసుకున్నాడు. ఎదురింటి రంగు కార్ఖానా ఆయన వెంటనే జాలీ సందులోంచి డబ్బా దించి నీళ్ళు తోడించాడు. కంపు కొడుతున్నాయి. అయినా బట్టతో వడగట్టి, గ్లాసులో సబ్బు ముక్క వేసి ఊపాడు. సన్నగా నురగ వచ్చింది.

"సగం ఖర్చు నేనిస్త, కానీ నీళ్ళల్ల సగం నాకు" అన్నాడు.

"మేమేం తాగాలె?" అంది వదిన లోపల్నుంచి.

"తాగనీకి నల్లా ఉంది గదక్కా."

"నాలుగు దినాలకోపారి ఉంది. ఇరవై పైసల వంతు నీకు, మిగిలింది వాడకు."

ముప్పై అని ఆయన, ఇరవై అని వదిన, నడుమ గణపతి మండలి కుర్రాళ్ళు చందా మేమెందుకివ్వాలని. బేరం తెగలేదు. దసరా అయ్యాక మళ్ళీ కూర్చుందామని లేచారు.